చేత్తో తిప్పే రికార్డ్ వాషర్: కొనొచ్చు, బోరు నీళ్లు మాత్రం పోయొద్దు

పాత ఎల్పీ గ్రామఫోన్ రికార్డులు దాచుకుని, ప్లేయర్ కూడా బాగు చేయించుకుని, తీరా వేస్తే చిటపటలు తప్ప పాట సరిగ్గా వినపడడం లేదని బాధపడేవాళ్లు మన తిరుపతిలో ఇంకా ఉన్నారు. చాలామంది "అరిగిపోయిందిలే" అనుకుని రికార్డును మళ్లీ అటకెక్కిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అరుగుదల వేరు, మురికి వేరు. అరుగుదలకు మందు లేదు గానీ మురికి పోతుంది, ఇంట్లోనే పోతుంది. ఆన్‌లైన్‌లో దొరికే చేత్తో తిప్పే రికార్డ్ వాషర్ ఒకటి కొని చాలా కాలంగా వాడుతున్నాను, మా ఇంట్లోవీ చుట్టాలవీ కలిపి చాలానే కడిగాను. కొనొచ్చు, ఖచ్చితంగా కొనొచ్చు. కానీ డబ్బాలో వచ్చిన కాగితం మీద ఎలా రాసుందో అలాగే చేస్తే సగం ఫలితమే వస్తుంది, మన ఊరి నీళ్లతో అయితే రికార్డు ఇంకా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇదేం కొత్తగా కనిపెట్టిన వస్తువు కాదు. అమెరికాలో స్పిన్ క్లీన్ అనే వాషర్ 1975 నుంచి ఉంది, జర్మనీ వాళ్ల నోస్టీ కూడా రికార్డులు సేకరించేవాళ్లకు తెలిసిన పాత పేరే. అవి తెప్పించుకోవాలంటే మనకు ఖర్చు బాగా ఎక్కువ. నేను తీసుకున్నది అదే కోవలో పెద్దగా పేరు లేని కంపెనీ చేసింది, ఐదు వేల లోపే పడింది. అచ్చం ఇలాంటివే వేర్వేరు పేర్లతో అమ్ముతున్నారు, కాబట్టి మీరు ఏది కొన్నా నేను చెప్పేది దాదాపుగా వర్తిస్తుంది.

డబ్బా విప్పితే, రికార్డు నిలువుగా దిగేంత సన్నటి ప్లాస్టిక్ తొట్టి, దాని లోపల రెండు వైపులా మెత్తటి బ్రష్షులు, రికార్డు మధ్యలో లేబుల్ మీద రెండు వైపుల నుంచీ మూసి బిగించే బిళ్లలు, ఒక చిన్న హ్యాండిల్, ఒక సీసాలో ద్రవం, ఆరబెట్టుకునే స్టాండ్, జాలీ ఉన్న గరాటు, ఒక మైక్రోఫైబర్ గుడ్డ ఉంటాయి. బిళ్లలు బిగించి, రికార్డును తొట్టిలోకి దించి హ్యాండిల్ తిప్పితే గాడులున్న భాగం మాత్రమే నీళ్లలో మునుగుతూ బ్రష్షుల మధ్య నుంచి పోతుంది. లేబుల్ తడవదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మన పాత హెచ్‌ఎంవీ, కొలంబియా రికార్డుల లేబుల్ కాగితం ఒక్కసారి బాగా తడిసిందంటే రంగు దిగుతుంది, అంచులు లేస్తాయి, ఆ తర్వాత దాన్ని ఎవరూ బాగు చేయలేరు.

కడగడం వల్ల శబ్దం ఎందుకు మారుతుందో కాస్త చెప్పాలి. ఎల్పీ గాడి వెడల్పు మహా అయితే మన తల వెంట్రుక మందమంత. అది "వి" ఆకారంలో ఉంటుంది, స్టీరియో రికార్డులో ఒక గోడ మీద ఎడమ చానల్, రెండో గోడ మీద కుడి చానల్. ప్లేయర్ ముల్లు అడుగున ఆనదు, ఆ రెండు గోడల మీద ఆని నడుస్తుంది. ఇప్పటి కార్ట్రిడ్జ్‌లు, అంటే ముల్లు బిగించి ఉండే భాగాలు, చాలావరకు రెండు గ్రాములకు అటూ ఇటూ బరువుతోనే నడుస్తాయి గానీ ఆ బరువంతా కంటికి కనపడనంత చిన్న చోట పడుతుంది, అంటే అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ. ఆ దారిలో ఇసుక రేణువు అడ్డుపడితే ముల్లు ఎగిరి పడుతుంది, మనకు "టప్" అని వినిపిస్తుంది. రేణువును ముల్లు గోడలోకి అదిమేసిందంటే ఆ మచ్చ శాశ్వతం. మురికి రికార్డును "ఒక్కసారి వేసి చూద్దాం" అని వేయడం అందుకే మంచిది కాదు. చెన్నై మూర్ మార్కెట్ లాంటి చోట పాత రికార్డు కొన్నా, అటక మీద నుంచి దించినా, ముందు కడగండి, తర్వాత వినండి.

పైన కనపడే దుమ్ము కంటే లోపల పేరుకున్న జిడ్డుతోనే ఎక్కువ ఇబ్బంది. వేళ్ల జిడ్డు, వంటింటి పొగ, అగరబత్తి పొగ, అన్నీ ఏళ్ల తరబడి గాడిలో చేరి దుమ్మును పట్టి ఉంచుతాయి. పొడి బ్రష్ ఎంత తిప్పినా ఈ జిడ్డు కదలదు. పైగా రికార్డు వినైల్, అంటే పీవీసీ ప్లాస్టిక్ కాబట్టి ఎండాకాలం పొడిగాలికి స్టాటిక్ కరెంటు పట్టి, గదిలో ఉన్న దుమ్మునంతా తన మీదికి లాక్కుంటుంది. నవంబరు, డిసెంబరు వానల్లో చెమ్మకు బూజు పడుతుంది. మన వాతావరణంలో రెండు బాధలూ ఉన్నాయి.

మీ రికార్డుకు ఉన్నది మురికా, గీతా అని తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. ఎల్పీ నిమిషానికి ముప్పై మూడు చుట్లు, పైన ఇంకో మూడో వంతు తిరుగుతుంది, అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. "టక్" అనే చప్పుడు సరిగ్గా అదే లెక్కలో మళ్లీ మళ్లీ వస్తుంటే అది అడ్డంగా పడ్డ గీత, ఎంత కడిగినా పోదు. లెక్కాపత్రం లేకుండా ఇష్టం వచ్చినట్టు చిటపటలాడుతుంటే అది చాలావరకు మురికి, దానికి ఆశ ఉంది. గొంతు హెచ్చినప్పుడూ "స", "ష" అక్షరాల దగ్గరా చిరిగినట్టు గరగరమంటే అది అరుగుదల, ముఖ్యంగా బరువైన ముల్లున్న పాత రేడియోగ్రామ్‌ల మీద తిరిగిన రికార్డుల్లో ఇది ఉంటుంది. వాషర్ కొనేముందే ఈ తేడా చూసుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

ఇక నీళ్ల సంగతి. వాషర్‌తో వచ్చిన కాగితంలో కొళాయి నీళ్లలో ద్రవం కలిపి వాడమని ఉంది. మన దగ్గర అది వద్దే వద్దు. తిరుపతిలో బోరు మీద బతికే ఏ ఇంట్లోనైనా బాత్రూం కొళాయి చుట్టూ, గీజర్ కాయిల్ మీద గట్టిగా పట్టే తెల్లటి పొర చూసే ఉంటారు. నీళ్లు ఆవిరయ్యాక మిగిలే ఆ ఉప్పే రికార్డు గాడిలోనూ మిగులుతుంది. దుమ్ము కడిగి దాని చోట సున్నం పెట్టినట్టవుతుంది. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే ఆ నీళ్లు చాలా నయం, కానీ వాటిలోనూ ఎంతో కొంత లవణం ఉంటుంది. నేను వాడేది డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే ఏ షాపులోనైనా ఐదు లీటర్ల క్యాన్ దొరుకుతుంది, పెద్ద ఖర్చేమీ కాదు. బ్యాటరీ వాటర్ అని అడిగితే ఇస్తారు. యాసిడ్ డబ్బాలు కూడా అదే షాపులో ఉంటాయి కాబట్టి సీలు, లేబుల్ రెండూ చూసి మరీ తీసుకోండి. లూజుగా పోసి ఇచ్చేది వద్దు.

రెండో ముఖ్యమైన సంగతి, కాగితంలో అసలు లేనిది, రెండో కడుగుడు. కంపెనీ పద్ధతి ప్రకారం ద్రవం కలిపిన నీళ్లలో తిప్పి, తీసి, స్టాండ్‌లో ఆరబెడితే అయిపోయినట్టే. అలా చేసిన రికార్డు కంటికి మెరుస్తుంది, కానీ ముల్లు పెడితే సన్నగా బుస్సుమనే చప్పుడు ఒకటి వెనక నిలుస్తుంది, ఒక వైపు పూర్తయ్యేసరికి ముల్లు కొసన తెల్లటి నలుసు పేరుకుంటుంది. సబ్బు ద్రవం ఆరిపోయి గాడిలో ఉండిపోవడం వల్ల వచ్చేదే అది. ద్రవంతో తిప్పాక, ఏమీ కలపని డిస్టిల్డ్ వాటర్‌లో మళ్లీ తిప్పితే ఈ రెండూ ఉండవు. ఈ ఒక్క మెట్టు చేర్చడంతో వచ్చిన తేడా, తొట్టి కొనడంతో వచ్చిన తేడాకు ఏమాత్రం తక్కువ కాదు. బ్రష్షులు సబ్బు నీళ్లు పీల్చుకుని ఉంటాయి కాబట్టి అదే తొట్టిలో రెండో కడుగుడు పెట్టాలంటే ముందు తొట్టినీ బ్రష్షులనూ బాగా కడగాలి. అంత ఓపిక లేదనుకుంటే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఇంకో తొట్టి కొనుక్కుని, ఒకటి సబ్బుకు, ఒకటి ఉత్త డిస్టిల్డ్ వాటర్‌కు పెట్టుకోవడం మంచి పద్ధతి.

సీసా ద్రవం కూడా వాళ్లు చెప్పినంత అక్కర్లేదు, సగం చాలు. తిప్పడం మాత్రం తొందరపడకుండా ముందుకు పది చుట్లు, వెనక్కి పది చుట్లు తిప్పండి, బ్రష్ కుచ్చు గాడిలోకి దిగడానికి ఆ వెనక్కి తిప్పడం చాలా అవసరం.

ఎంత మారుతుందో ఒక రికార్డుతో చెబుతాను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఎల్పీ, 1963లో హెచ్‌ఎంవీ తెచ్చినది, మన వైపు ప్లేయర్ ఉన్న ఇళ్లలో ఇది ఉండే ఉంటుంది, అదీ రోజూ తెల్లవారుజామున తిరిగి తిరిగి ఉంటుంది. మా ఇంట్లోదీ అంతే. కడగక ముందు ఆ శ్లోకాల మధ్య విరామాల్లో వినపడేది చిటపటలే. రెండు కడుగుళ్లూ అయ్యాక అవే విరామాల్లో తంబూరా వినపడింది. గొంతు ఆగాక కూడా ఆ శ్రుతి సాగుతూ ఉంటుంది కదా, అది. ఎం.ఎస్.తో పాటు రాధా విశ్వనాథన్ గొంతు కూడా ఉందని తెలిసినా, ఇంతకు ముందు అంతా ఒకే ముద్దగా వినపడేది, ఇప్పుడు రెండు గొంతులు రెండుగా తెలుస్తున్నాయి. లోపలి గాడుల దగ్గర "స" కారాలు మాత్రం కాస్త చిరిగినట్టే ఉన్నాయి, అది అరుగుదల, ఎప్పటికీ అంతే. అయినా ఆ తంబూరా కోసమే ఈ వాషర్ కొన్నా నష్టం లేదంటాను.

2021 నవంబరు వరదల్లో తడిసిన రికార్డులు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. మా మామయ్య వాళ్ల ఇల్లు లోతట్టు కాలనీలో ఉంది, నీళ్లు ఇంట్లోకి వచ్చి కింది అరలో ఉన్న ఎల్పీల కవర్లన్నీ ముద్దయిపోయాయి. ఆయన "పారెయ్‌రా, ఎందుకూ పనికిరావు" అన్నా వాటిని అలాగే ఒక అట్టపెట్టెలో ఉంచారు, పారేయడానికి ఆయనకే మనసొప్పలేదు. వాటి మీద ఎండిన ఒండ్రు పొర ఎర్రగా, గోరుతో గీకితే పొడి రాలేంత మందాన ఉంది. అలాంటివి నేరుగా తొట్టిలో పెట్టి తిప్పకూడదు. ఒండ్రులో సన్నటి ఇసుక ఉంటుంది, బ్రష్ దాన్ని గాడుల మీద రుద్దితే ఉన్న పాట కూడా పోతుంది. ముందు లేబుల్ మీద బిళ్లలు బిగించి, ఆర్‌ఓ నీళ్లు సన్నటి ధారగా పోస్తూ, చేత్తో ముట్టుకోకుండా మట్టిని దానంతట అదే జారిపోనివ్వాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆగి, అప్పుడు తొట్టిలోకి. మొదటి విడత తొట్టి నీళ్లు టీ రంగులోకి మారాయి, పారబోసి మళ్లీ కొత్తవి పోశాను. చాలావరకు రికార్డులు బతికాయి, వినదగ్గట్టు ఉన్నాయి. తడి కవరు అంటుకుపోయి నెలల తరబడి బూజు పట్టిన చోట మాత్రం మచ్చలు మిగిలాయి, ముల్లు ఆ చోటికి వచ్చినప్పుడల్లా వాన చప్పుడులా ఒకటి వస్తుంది. మామయ్య వాటిని కూడా వింటున్నారు.

ఆరబెట్టడం దగ్గర చాలామంది చేసే పని ఫ్యాన్ వేయడం. వద్దు, తడి రికార్డు మీద ఫ్యాన్ గాలి తెచ్చే దుమ్మంతా అంటుకుంటుంది. ఎండలో పెట్టడం అసలే వద్దు, మన మే నెల ఎండకు వినైల్ మెలి తిరుగుతుంది, వంకర తిరిగిన రికార్డును సరిచేయడం చాలా కష్టం. తలుపులు మూసిన గదిలో స్టాండ్‌లో నిలబెట్టి, పెద్ద చుక్కలను మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల దిశలోనే అద్దినట్టు తుడిచి, అరగంటో గంటో వదిలేస్తే చాలు. డబ్బాలో వచ్చిన గుడ్డ నూలు రాలుస్తుంది, అది పక్కన పెట్టి మంచిది ఒకటి కొనుక్కోండి. పాత పంచె మెత్తగా ఉంటుంది కదా అని దాంతో తుడిస్తే పోగులు గాడుల్లో చిక్కుకుంటాయి.

78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు ఉన్నవాళ్లకు విడిగా చెప్పాలి. చిత్తూరులో మా పెదనాన్న దగ్గర ఓ పెట్టెడు ఉన్నాయి, ఈ తొట్టి ఆయనకు మాత్రం వద్దన్నాను. 78లు వినైల్ కాదు, ఎక్కువగా లక్కతో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, వడ్రంగులు చెక్కకు లక్క పాలిష్ కలిపేది స్పిరిట్‌లోనే. నాకొచ్చిన సీసా మూత తీస్తే స్పిరిట్ వాసన స్పష్టంగా వస్తోంది, కానీ అందులో ఏముందో లేబుల్ మీద ఒక్క ముక్క రాయలేదు, 78లకు వాడొద్దన్న హెచ్చరిక కూడా లేదు. ఇది చిన్న లోపం కాదు, తెలియక వాడితే మళ్లీ దొరకని రికార్డు పోతుంది. 78లను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో, నానబెట్టకుండా తుడిచి వెంటనే ఆరనివ్వడమే క్షేమం. అలాగే వాటికి ముల్లు కూడా వేరే ఉండాలి, 78 గాడి ఎల్పీ గాడి కంటే చాలా వెడల్పు, ఎల్పీ ముల్లు పెడితే అడుగున పడి దొర్లుతుంది, అప్పుడు వచ్చే చప్పుడుకు రికార్డును తప్పుపట్టకండి.

వినైల్ మీద మొండి జిడ్డుకు కొందరు మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు. నేనూ బాగా జిడ్డుపట్టిన వాటికే, డిస్టిల్డ్ వాటర్‌లో పదో వంతు మించకుండా కలుపుతాను. అది మంటను ఇట్టే అందుకుంటుంది, దేవుడి దీపం, అగరబత్తి ఉన్న గదిలో సీసా తెరవకండి.

వస్తువులో ఇంకొన్ని లోపాలు. బిళ్లల లోపలి రబ్బరు పలచగా ఉంది, బిగింపు కాస్త వదులైనా చుక్క లేబుల్ అంచుకు చేరుతుంది, దించేముందు ఒకసారి గట్టిగా చూసుకోవాలి. ఈపీలకు, అంటే ఎల్పీ కంటే చిన్న రికార్డులకు, బిళ్లల ఇరుసును తొట్టి అంచున ఉన్న కింది గంటులో పెట్టమన్నారు, అక్కడ పెడితే చిన్న రికార్డు బయటి అంచు మునుగుతుంది గానీ లేబుల్ దగ్గరి గాడులు సరిగ్గా మునగవు, ఇంకొంచెం నీళ్లు పోసుకోవాల్సి వస్తుంది. గరాటు జాలీ మరీ పెద్ద కన్నాలది, వాడిన ద్రవాన్ని దాని గుండా సీసాలోకి పోస్తే మురికి కూడా వెళ్లిపోతుంది. దానికి బదులు రాత్రంతా కదపకుండా ఒక గాజు గిన్నెలో ఉంచితే మట్టి అడుగుకు చేరుతుంది, పైన ఉన్నది వంచుకుని అడుగుది పారబోయండి. మరీ మురికి రికార్డులు కడిగిన ద్రవం మాత్రం దాచుకోవద్దు.

వాక్యూమ్‌తో నీళ్లు పీల్చే మెషీన్లు, చెవికి వినపడని ధ్వని తరంగాలతో నీళ్లలో కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్లు దీనికంటే బాగా పని చేస్తాయి, అందులో సందేహం లేదు. వాక్యూమ్ మెషీన్ అయితే మురికి నీళ్లు ఆరకముందే పీల్చేయడం వల్ల గాడిలో పెద్దగా ఏమీ మిగలదు. కానీ వాటి ధర పది వేలు, ఇరవై వేలు దాటి ఇంకా పైకి పోతుంది. వందల కొద్దీ రికార్డులున్నవాళ్లు వాటి గురించి ఆలోచించవచ్చు. యాభై, వంద ఎల్పీలున్న ఇంటికి రెండో కడుగుడుతో ఈ తొట్టి సరిపోతుంది.

కడిగిన రికార్డును మళ్లీ పాత కాగితం కవర్లోనే దోపితే శ్రమంతా వృథా, లోపలి దుమ్మంతా తిరిగి ఎక్కుతుంది. ఆంటీస్టాటిక్ లోపలి కవర్లు ఆన్‌లైన్‌లో పాతిక, యాభై కట్టలుగా దొరుకుతాయి, వాషర్‌తో పాటే ఆర్డర్ పెట్టుకోండి. ఒక్కసారి సరిగ్గా కడిగి మంచి కవర్లో నిలువుగా పెట్టిన రికార్డును మళ్లీ మళ్లీ కడగక్కర్లేదు, వేసే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో ఒక చుట్టు, ముల్లును చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకు ఒక్కసారి, అంతే.

నాకు మిగిలిన పెద్ద ఫిర్యాదు బ్రష్షుల గురించే. వాడగా వాడగా కుచ్చు ఒక పక్కకు వాలిపోతోంది, విడిగా బ్రష్షులు అమ్ముతారా అని అమ్మినవాళ్లను అడిగితే ఇంతవరకు జవాబు లేదు. కొలతకు సరిపోయే విడి బ్రష్షులు ఎక్కడైనా దొరుకుతున్నాయని మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రెండు జతలు వెంటనే తెప్పించుకుంటాను.